ఫోటో ఎక్కడ వేలాడాలి?

(ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం నాడు శ్రీకాకుళంలో స్టూడియో ఫోటోగ్రాఫర్లు, విద్యార్థులు కలిసిన సభలో ఒక ఛాయాచిత్రకారిణి చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ తమ్ముళ్లు, చెల్లెళ్లు ముందుకు రండి. ముందు వరుస ముఖ్య అతిథులదని మొహమాటపడకండి, వాళ్లు దండ వేసి ఎప్పుడో వెళ్లిపోయారు. (నవ్వులు)

ఏటా ఆగస్టు 19న మనం చేసే పనులు అందరికీ తెలిసినవే. డాగేర్ పటానికి దండ వేస్తాం, కేకు కోస్తాం, సీనియర్లకు శాలువా కప్పుతాం, గ్రూపు ఫోటో దిగుతాం. 1839లో ఇదే రోజున డాగేర్ కనిపెట్టిన ఫోటో తీసే పద్ధతిని ఫ్రాన్స్ ప్రభుత్వం లోకానికి వెల్లడించింది కాబట్టి ఆయనకు ఆ దండ దక్కాల్సిందే. కానీ ఈ హాలు ఒకసారి చుట్టూ చూడండి. ఫోటోగ్రాఫర్ల పండుగ జరుగుతున్న చోట గోడ మీద ఒక్క ఫోటో లేదు. వేదిక వెనక ఫ్లెక్సీ మీద మన ముఖాలున్నాయి. మనం తీసిన ముఖాలు ఎక్కడా లేవు.

ఫోటోగ్రఫీ ఉత్సవాల నుంచి విద్యార్థులు పొందే స్ఫూర్తి గురించి మాట్లాడమన్నారు. అంత పెద్ద అంశాన్ని నేను మోయలేను. చెన్నైలో నేను చూసినదీ, దాన్ని పట్టుకుని పొందూరులో చేసినదీ చెబుతాను. మిగతాది మనం కలిసి మాట్లాడుకుందాం.

2016లో చెన్నై ఫోటో బియెన్నాలే మొదటిసారి జరిగింది. బియెన్నాలే అంటే రెండేళ్లకోసారి జరిగేది. అప్పుడు నేను హైదరాబాదులో ఫోటోగ్రఫీ చదువుతున్నాను. మా తరగతిలో కొందరం రాత్రి రైలెక్కి వెళ్లాం. మా లెక్కలు మాకున్నాయి. ఎవరు ఏ లెన్సు వాడారు, ఏ కాగితం మీద ప్రింటు వేశారు, ఫ్రేము ఎంత లావుంది, ఇవన్నీ చూసి రావాలి. విద్యార్థికి ఆ వయసులో ఫోటో కంటే ఫోటో వెనక ఉన్న సామాను మీదే ధ్యాస.

వెళ్లి చూస్తే ప్రదర్శనల్లో కొన్ని రైల్వే స్టేషన్లలో ఉన్నాయి! చెన్నైలో ఎంఆర్‌టీఎస్ అని వంతెనల మీద నడిచే రైలు మార్గం ఉంది. 1995లో మొదలై, 2007 నాటికి వేళచ్చేరి దాకా చేరింది. ఆ స్టేషన్లు చూసినవాళ్లకు తెలుస్తుంది. ఆకాశమంత కప్పు, లావుపాటి కాంక్రీటు స్తంభాలు, గట్టిగా పిలిస్తే మన గొంతు మనకే తిరిగొచ్చేంత ఖాళీ. వచ్చే జనం తక్కువ, కట్టిన స్థలం ఎక్కువ. అంతవరకూ ఎవరికీ పనికిరాదనుకున్న ఆ ఖాళీయే ఫోటోలకు చోటయింది. టికెట్టు కొనుక్కుని మెట్లెక్కే మనిషికి, తను ఫోటోలు చూడటానికి రాలేదని తెలిసిన మనిషికి, దారిలో ఫోటో ఎదురవుతుంది. చూస్తే చూస్తాడు, లేకపోతే రైలెక్కుతాడు.

మేం నోటు పుస్తకాలు తీసి కూర్పు గురించి వాదించుకోవడం మొదలుపెట్టాం. అక్కడొక ఫోటో ఉంది. ఒక ఇంటి గుమ్మం, ముందు ముగ్గు, అరుగు మీద బోర్లించిన గిన్నెలు, గడపకు ఆనుకుని కూర్చున్న ఒకామె. ఆమెను కుడివైపున పెట్టడం సరైనదా కాదా, గిన్నెలు చూపును పక్కకు లాగుతున్నాయా, ఇవీ మా చర్చలు. ఇంతలో స్టేషన్ ఊడ్చే ఒక పెద్దామె చీపురు స్తంభానికి ఆనించి మా పక్కన వచ్చి నిలబడింది. కాసేపు చూసి, మాతో ఉన్న తమిళ విద్యార్థితో ఏదో అంది. అతను మాకు చెప్పాడు. “ఇంకా తెల్లారి ఎంతోసేపు కాలేదు, ఆ ఇంట్లోంచి ఒక్కరూ పనికి బయల్దేరలేదు” అంటోందట. ఎలా తెలిసిందని అడిగించాను. ముగ్గు చూపించింది. ఎక్కడా చెరగలేదు, ఒక్క అడుగు పడలేదు. తర్వాత గిన్నెలు చూపించింది. రాత్రి తోమి బోర్లించినవి అలాగే ఉన్నాయి, పొయ్యి మీదికి ఒక్కటీ వెళ్లలేదు. ఆ కూర్చున్నామెకు రోజంతటిలో తనదంటూ ఉండే సమయం అదొక్కటే, అందుకే ముఖం అలా ఉంది, అని చెప్పి చీపురు తీసుకుని వెళ్లిపోయింది.

మా నోటు పుస్తకాల్లో “గిన్నెలు చూపును లాగుతున్నాయి” అని రాసి ఉంది.

ఆ పూట మిగిలిన సమయమంతా నేను ఫోటోలకు వీపు పెట్టి, వాటిని చూసేవాళ్లను చూశాను. ఎవరు ఎంత దూరంలో ఆగుతున్నారు, పిల్లాడిని చంకనేసుకున్న తల్లి ఏ ఫోటో దగ్గర వాడికి వేలు పెట్టి చూపిస్తోంది, కాలేజీ కుర్రాళ్లు ఏ ఫోటో ముందు మాటలు ఆపుతున్నారు. పెద్ద పేర్లున్న ఫోటోలను చాలామంది దాటి వెళ్లిపోయారు. అందులో వాళ్ల తప్పూ లేదు, ఆ ఫోటోల తప్పూ లేదు. ఎవరి కళ్ల కోసం తీశామో ఆ కళ్ల ముందు పెట్టామా అన్న ప్రశ్న అక్కడ నా బుర్రలో పడింది. తరగతి గదిలో అది ఎవరూ అడగరు. మార్కులు వేసేవారి కళ్లు చాలు అక్కడ.

ఇలా ఊరంతా ఫోటోలు పరచడం చెన్నైవాళ్లు కనిపెట్టింది కాదు. ఫ్రాన్సులో ఆర్ల్ అనే పాత ఊరు ఉంది. రోమన్ల నాటి రంగస్థలాలు, చర్చిలు ఉన్న ఊరు. ఆ ఊరివాడే అయిన లూసియెన్ క్లెర్గ్ అనే ఫోటోగ్రాఫర్ ఇద్దరు మిత్రులతో కలిసి 1970లో ఒక ఉత్సవం మొదలుపెట్టాడు. ఆ మిత్రుల్లో ఒకరు రచయిత, ఇంకొకరు మ్యూజియంలో పనిచేసే ఆయన. ఇప్పటికీ వేసవి వస్తే ప్రపంచంలోని ఫోటోగ్రాఫర్లంతా అక్కడికే వెళతారు. చర్చిల్లోనూ, మూతపడిన రైల్వే వర్క్‌షాపుల్లోనూ ప్రదర్శనలు పెడతారు. ఇంతకీ ఆర్ల్ జనాభా ఎంతనుకుంటున్నారు? యాభై వేల పైచిలుకు. మన శ్రీకాకుళం పట్టణం 2011 లెక్కల్లోనే లక్ష దాటింది. “మనది చిన్న ఊరు కదమ్మా” అని ఇందాక కింద ఒకాయన అన్నారు, ఆయన కోసం చెబుతున్నాను. (నవ్వులు)

ఢాకాలో ఛోబీ మేళా అనే ఫోటోల ఉత్సవం ఉంది. షహీదుల్ ఆలమ్ అనే ఫోటోగ్రాఫర్, ఆయన మిత్రులు 2000 ప్రాంతంలో మొదలుపెట్టారు. గ్యాలరీకి రాని జనం కోసం వాళ్లు ఫోటోలను రిక్షా బండ్లకు కట్టి వీధుల్లో తిప్పారు. మన దగ్గర ఆ బండ్లు ఎన్నికలప్పుడు, సినిమా విడుదలప్పుడు తిరుగుతాయి. హైదరాబాదులో 2015 నుంచి ఇండియన్ ఫోటోగ్రఫీ ఫెస్టివల్ జరుగుతోంది, మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీకి వెళ్లినవాళ్లు ఇక్కడ కొందరున్నారని నాకు తెలుసు. చెన్నైలో 2019లో రెండో విడత జరిగినప్పుడు పుష్పమాల ఎన్. అనే కళాకారిణి దానికి క్యూరేటర్, అంటే ఏ ఫోటోలు పెట్టాలో ఎంచే మనిషి. మెరీనాకు ఎదురుగా మద్రాసు విశ్వవిద్యాలయంవారి సెనేట్ హౌస్ ఉంది కదా, 1870లలో చిజమ్ అనే ఇంగ్లీషు వాస్తుశిల్పి కట్టిన భవనం, అందులో పెట్టారు. గొప్ప భవనం. కానీ నాకు స్టేషనే నచ్చింది. సెనేట్ హౌస్ మెట్లెక్కాలంటే చీపురు పట్టుకున్న పెద్దామెకు ధైర్యం కావాలి.

ఇక పొందూరు.

చదువు అయిపోయాక ఇంటికొచ్చి, పెళ్లిళ్లు తీస్తూ, ఖాళీ దొరికినప్పుడల్లా పొందూరు వెళ్లేదాన్ని. పొందూరు ఖాదీ గురించి మీకు చెప్పేదేముంది, మీ ఇళ్లలో తాతగారి పంచె ఉండే ఉంటుంది. అయినా పిల్లల కోసం చెబుతాను. అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. చేప దవడ ఎముకకు సన్నటి పళ్లు వరసగా ఉంటాయి, ముట్టుకుంటే గరుగ్గా తగులుతాయి. గింజను పట్టుకున్న దూదిని ఆ పళ్ల మీద లాగితే పీచు తిన్నగా సాగుతుంది, చెత్త రాలిపోతుంది. ఆ తర్వాత గింజ తీయడం, విల్లుతో ఏకడం, ఆ దూదిని ఏకులుగా, అంటే వత్తుల్లా, చుట్టడం, వడకడం. చుట్టిన ఏకులను దుమ్ము పడకుండా ఎండిన అరటి డొప్పలో పెట్టుకుంటారు. ఇన్ని చేతులు పడ్డాక వచ్చే నూలు వంద కౌంటు, అంటే వెంట్రుక కంటే సన్నమని అనిపించే దారం. చేసేది దాదాపు అంతా ఆడవాళ్లు, చాలామంది వయసు మళ్లినవాళ్లు.

ఈ ఫోటోలను చాలామంది తీశారు. రాట్నం ముందు ముసలావిడ, కిటికీలోంచి వెలుగు, ముడతలు పడ్డ ముఖం. పోటీలకు పంపితే బహుమతి ఖాయం. అలాంటివి నా దగ్గరా ఉన్నాయి, దాచను. కానీ స్టేషన్ నన్ను వదల్లేదు. ఈ ఫోటోలు ఢిల్లీలో ఎవరో చూశారు, ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరో చూశారు. అందులో ఉన్నామె చూసిందా?

అందుకని ప్రింట్లు వేయించి, వాళ్లు నూలు తెచ్చి అప్పగించే చోట వరండాలో వేలాడదీయడానికి అనుమతి అడిగాను. ఇచ్చారు. ఇక్కడ మీకు పనికొచ్చే ఒక ముచ్చట ఉంది. గ్యాలరీలలో ఫోటో మధ్య భాగం నేల నుంచి 57 అంగుళాల ఎత్తులో ఉండేలా పెట్టడం వాడుక. సగటు మనిషి నిలబడితే కళ్లు ఉండే ఎత్తు అది. నేనూ టేపు తీసి కొలవబోయాను. వరండాలో చూస్తే అందరూ కింద కూర్చుని ఉన్నారు. రోజంతా కింద కూర్చుని వడికే మనుషులు, ఇక్కడికొచ్చినా కింద కూర్చునే మాట్లాడుకుంటారు. 57 అంగుళాలు నిలబడి చూసేవాళ్ల లెక్క. ఫోటోలను మోకాలి ఎత్తుకు కాస్త పైన కట్టాను. నాకు సాయం వచ్చిన కుర్రాడు “అక్కా, ఇలా పెడితే కుక్కలే చూస్తాయి” అన్నాడు. (నవ్వులు)

బహుమతి వచ్చిన ఫోటో ఉంది కదా, కిటికీ వెలుగుది, దాన్ని చూసి “బాగుందమ్మా” అని ముందుకు జరిగారు. అందరూ గుమిగూడింది ఇంకో ఫోటో దగ్గర. అందులో ముఖమే లేదు. రెండు చేతులు, చేప దవడ, పీచు. నేను దాన్ని వరుసలో చివర పెట్టాను. ఒకావిడ దగ్గరికి జరిగి, దవడ మీద వేలు పెట్టి, “ఇది మా వదినది” అంది. మెటికలు చూసి చెప్పిందేమో అనుకున్నాను. కాదు, పళ్లు చూసి. ఒక చివర పళ్లు అరిగిపోయి, రెండు ఊడిపోయి ఉన్నాయి. ఆ వదిన ఎడమచేతి వాటం, అందుకని అరుగుదల అటువైపు వచ్చిందట. ఇక అక్కడి నుంచి గంటసేపు వాళ్ల మాటలు వినాలి. ఎవరి దవడ ఎన్నేళ్లు వచ్చింది, ఇప్పుడు మంచివి ఎందుకు దొరకడం లేదు, కూలి ఎంత గిడుతోంది, మనవరాలు ఎందుకు నేర్చుకోనంది. ఎన్నోసార్లు వెళ్లి అడిగినా నాతో చెప్పని మాటలవి. ఫోటో ముందు కూర్చుని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. నేను పక్కన కూర్చుని రాసుకున్నాను.

ఆ తర్వాత నేను తీసే పద్ధతి మారింది. ముఖానికి వెళ్లే ముందు పనిముట్టు దగ్గరికి వెళతాను. పక్క నుంచి వెలుగు పడేలా చూసుకుంటాను, అరుగుదల కనిపించాలి కదా. చెన్నై నుంచి నేను తెచ్చుకున్నదేమిటని అడిగితే ఇదే చెబుతాను. లెన్సుల సంగతి ఇప్పుడు గుర్తు కూడా లేదు.

ఇక్కడే ఇంకో మాట. మన ఉద్దానం సంగతి. కిడ్నీ జబ్బుల మీద ఎక్కడెక్కడి నుంచో ఫోటోగ్రాఫర్లు వచ్చారు, వస్తున్నారు. డయాలసిస్ మంచం మీద ఉన్న మనిషిని ఎన్ని కెమెరాలు చూశాయో! ఆ ఫోటోల వల్ల లోకానికి విషయం తెలిసింది, కాదనను. అయితే ఆ మంచం మీద మనిషికి ఒక్క ప్రింటు తెచ్చి ఇచ్చినవాళ్లు ఎందరు? రేపు మనం ఊళ్లో గోడల మీద ప్రదర్శన పెడితే, అందులోని మనిషి “పెట్టండి” అన్న ఫోటోయే పెడదాం. ఢిల్లీ గ్యాలరీలో అతని పక్కింటివాళ్లు ఉండరు. ఇక్కడ ఉంటారు.

స్టూడియో పెద్దలకు ఒక విన్నపం. మీరు ఫోన్లు వచ్చి పొట్ట కొట్టాయని బాధపడుతున్నారు, డ్రోన్ లేకపోతే పెళ్లే జరగదన్నట్టు మాట్లాడే పెళ్లివారిని తిట్టుకుంటున్నారు. నేనూ పెళ్లిళ్లు తీసేదాన్నే, నాకూ ఆ బాధ ఉంది. కానీ మీ అటకల మీద ఉన్న నెగటివ్‌ల సంగతి ఏమిటి? ముప్పయ్యేళ్ల, నలభయ్యేళ్ల శ్రీకాకుళం వాటిలో ఉంది. ఉద్యోగ దరఖాస్తు కోసం తొలిసారి ఫోటో దిగిన అమ్మాయి, గల్ఫ్ వెళ్లే ముందు ఇంటిల్లిపాదితో దిగిన మనిషి, తెర మీద గీసిన తాజ్‌మహల్ ముందు కొత్త దంపతులు. ఆ డబ్బా మూత తీస్తే వెనిగర్ వాసన వస్తోందా? వస్తే ఫిల్ము కుళ్లడం మొదలైందని అర్థం. పాత ఎసిటేట్ ఫిల్ముకు వేడి, తేమ రెండూ శత్రువులు, మన సముద్రపు ఊళ్లలో ఆ రెండూ పుష్కలం. ఒక డబ్బాలో మొదలైతే ఆ ఆవిరి పక్క డబ్బాలోని మంచి ఫిల్మును కూడా పట్టుకుంటుంది. కాబట్టి ముందు వాసన వచ్చేవి వేరు చేయండి, ఇనుప డబ్బాలు, పాలిథిన్ సంచులు వదిలి కాగితం కవర్లలో పెట్టండి, అటక మీంచి దించి చల్లటి చోట ఉంచండి. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తట్టుకుని మిగిలినవి ఈ నిర్లక్ష్యానికి పోకూడదు.

తమిళనాడులో పాత స్టూడియోల ఫోటోలను పాండిచ్చేరిలోని ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు బ్రిటిష్ లైబ్రరీ సాయంతో వెతికి, స్కాన్ చేసి భద్రపరిచారు. మన వైపు ఎవరో వచ్చి చేసేదాకా ఆగనక్కర్లేదు. ఇక్కడ కూర్చున్న విద్యార్థులు ఒక్కొక్కరు ఒక్కో స్టూడియోకు ఆదివారం పూట వెళితే చాలు.

(సభలో నుంచి ఒక స్టూడియో యజమాని: “గోడల మీద పెడితే మాకు ఏం వస్తుందమ్మా?”)

మంచి ప్రశ్న అన్నా. మొదటిసారి ఏమీ రాదు. ఖర్చే. కానీ రాజస్థాన్‌లో గౌరీ గిల్ అనే ఫోటోగ్రాఫర్ చేసిన పని ఒకటి చెబుతాను. 2003లో లూణ్‌కరణ్‌సర్ అనే చిన్న ఊళ్లో ఆడపిల్లల కోసం మేళా జరిగితే, అక్కడ ఫోటో స్టాల్ పెట్టి, ఫోటో దిగాలనుకున్న పిల్లలందరినీ తీసింది. ఎలా నిలబడాలో, ఏం పట్టుకోవాలో పిల్లలే తేల్చుకున్నారు. ఆ ఫోటోలు తర్వాత పుస్తకమయ్యాయి. మన విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ఉంది, దసరా తర్వాత వచ్చే మంగళవారం. ఎంత జనం వస్తారో మీకు తెలుసు. మనం ఫోర్టు చుట్టూ మిద్దెలెక్కి సిరిమాను ఫోటో కోసం తోసుకుంటాం, ఒకే ఫోటో వందమందిమి తీస్తాం. ఒక్క గుడారం వేసి, పల్లెల నుంచి వచ్చిన కుటుంబాలను కూర్చోబెట్టి తీసి, అక్కడికక్కడే ప్రింటు ఇస్తే? చిన్న ప్రింటర్లు మీ దగ్గర ఉన్నాయి. ఫోన్లో వందల ఫోటోలున్న ఇంట్లో చేత పట్టుకునే ఫోటో ఒక్కటీ లేదు. ఆ ప్రింటుకు డబ్బులిస్తారు. ఆ తర్వాత పెళ్లికి మిమ్మల్నే పిలుస్తారు. ఇంతకంటే నాకు వ్యాపారం తెలియదు.

(ఒక విద్యార్థిని: “అక్కా, నా దగ్గర కెమెరా లేదు, ఫోనే ఉంది. గోడ మీదికి సరిపోతుందా?”)

సరిపోతుంది. లెక్క చూడు. మన ల్యాబుల్లో దొరికే 12×18 ప్రింటు తీసుకో. 12 మెగాపిక్సెల్ ఫోన్ ఫోటో పొడవు 4000 చుక్కలు. 18 అంగుళాలకు పంచితే అంగుళానికి 220 పైనే. చేతిలో పట్టుకుని చూసినా బాగుంటుంది, గోడ మీద మూడడుగుల దూరం నుంచి ఇంకా బాగుంటుంది. రెండు జాగ్రత్తలు మాత్రం తీసుకో. జూమ్ చేసి తీయకు, నాలుగడుగులు నడువు. ప్రింటుకు పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫోటోగా పంపకు, అది నలిపేస్తుంది, డాక్యుమెంటుగా పంపు. ఇంకా, దయచేసి మెరిసే ఫ్లెక్సీ మీద వేయించకు. మధ్యాహ్నం ఎండలో దాంట్లో ఫోటో కనిపించదు, వెనక ఉన్న కరెంటు స్తంభం కనిపిస్తుంది. మెరుపు లేని కాగితం, వెనక సన్‌బోర్డు అనే తేలికపాటి గట్టి అట్ట, అంతే.

సరే, పని మాట. దసరా లోపల ఒక్క ఆదివారం. గోడ కోసం రెండు చోట్లు అనుకున్నాం, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఒకటి, ఏడు రోడ్ల కూడలి పక్క వీధిలో ఒకటి. అనుమతి అర్జీలు రాసి ఉన్నాయి, సంతకాలు కావాలి. మనిషికి ఒక్క ఫోటో, 12×18. పెళ్లి ఆల్బమ్ చేసేవాళ్లు కావాలంటే 12×36 షీటు తేవచ్చు, అడ్డంగా పొడుగ్గా ఉండి బస్సు దిగేవాళ్లకు దూరం నుంచే కనిపిస్తుంది. ఫోటో కింద రెండు పంక్తులు, తెలుగులో, పెద్ద అక్షరాలతో: అందులో ఉన్నది ఎవరు, ఏ ఊరు. మీ పేరు ఆ కింద చిన్నగా. బస్సు కోసం కూర్చునేవాళ్ల వైపు గోడకు తక్కువ ఎత్తులో కడదాం, నిలబడేవాళ్ల వైపు మామూలుగా. పేర్లు రాసే పుస్తకం తలుపు దగ్గర పెట్టాను. తాడు, క్లిప్పులు నేను తెస్తాను. నిచ్చెన ఎవరి దగ్గరైనా ఉంటే ఇప్పుడే చెప్పండి.